మొగిలి చేతివాసి

గుమ్మడికాయ కొనేటప్పుడు ముందు తొడిమ చూడాలి. తొడిమ ఊడిన కాయ కూరకు పనికొస్తుంది గాని దిష్టికి పనికిరాదు. తరువాత వేలితో రుద్దితే బూడిద తెల్లగా అంటుకోవాలి. ఆపైన తట్టి వినాలి. ముదురు కాయ గట్టిగా పలుకుతుంది, ఒక్క దెబ్బకు పగులుతుంది. లేత కాయను రోడ్డు మీద కొడితే బంతిలా ఎగిరి పక్కకు దొర్లుతుంది. చూస్తున్నవాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఈ మాత్రం తెలిస్తే దిష్టి సరుకులో నష్టపోయేది లేదు.

ఈ సరుకుకు ఇంకో గుణం కూడా ఉంది. గుమ్మానికి కట్టిన కాయ వారం తిరక్కుండా కుళ్లిపోతే, ఉన్న దిష్టంతా లాగేసిందని సంతోషపడి ఇంకొకటి కొంటారు. కుళ్లకపోతే, కాయ మంచిదని మెచ్చుకుని మళ్లీ అమావాస్యకు నా దగ్గరికే వస్తారు. ఎటు తిరిగినా గెలుపు దానిదే. గుడిమల్కాపూర్ మార్కెట్లో టమాటాలు అమ్మినన్నాళ్లూ ఇలాంటి సరుకు నా చేతికి రాలేదు. టమాటా కుళ్లితే కుళ్లిందే అంటారు.

అందుకే అక్కడ మానేసి, పుప్పాలగూడ దాటాక అద్దాల బిల్డింగ్ ఎదురుగా బండి పెట్టాను. బూడిద గుమ్మడికాయలు, నిమ్మకాయ మిరపకాయల దండలు, కర్పూరం, కుంకుమ. అద్దాల బిల్డింగ్ అంటే ఈ చుట్టుపక్కల ఏ ఆటో అయినా వస్తుంది. దానికి గేటు మీద ఇత్తడి అక్షరాల్లో ఇంగ్లీషు పేరొకటి ఉంది గాని, ఆ పేరు చెబితే ఆటోవాళ్లు ఎక్కడ అని మళ్లీ అడుగుతారు. కింద నుంచి దాదాపు పై వరకూ ఆఫీసులు. అన్నిటికంటే పైన, చూడవచ్చే జనం కోసం గ్యాలరీ. అక్కడ నేల కూడా అద్దమే. ఆ అద్దం మీద నిలబడి, కాళ్ల కింద రింగురోడ్డు మీద పోయే కార్లను చూసి అరవడానికి, ఫోటోలు దిగడానికి కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి బస్సులు కట్టుకుని వస్తారు. వాన వెలిసిన రోజున గోల్కొండ కోట కనిపిస్తుందట. నేను ఎక్కలేదు. టికెట్ కొని ఆకాశం చూడడం నా లెక్కలో కుదరలేదు.

ఆ బిల్డింగ్‌కు ముందువైపు రెండు దారులు. మెడలో కార్డు ఉన్నవాళ్లకు ఒకటి, చేతిలో టికెట్ ఉన్నవాళ్లకు ఒకటి. వెనకవైపు మూడోది, పనివాళ్లకూ సామానుకూ చెత్తకూ. ఒక్కో దారికి దాని లిఫ్ట్ వేరు. కార్డు లేనివాళ్లు ఆఫీసు లిఫ్ట్ ముందు నిలబడినా దాని తలుపు తెరుచుకోదు.

కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు దిష్టి పట్టింపు ఏముంటుందని మొదట్లో నాకు సందేహం ఉండేది. అది ఉత్త సందేహం. ఎంత ఎత్తున కూర్చున్నవాడికి పడిపోతానన్న భయం అంత. అక్కడ ఉద్యోగం ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, కంపెనీ ఎప్పుడు ఖాళీ చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలియని చోట నా సరుకు అమ్ముడవుతుంది.

మొగిలి ఆ బిల్డింగ్‌లో సెక్యూరిటీ గార్డు. భూపాలపల్లి వైపు మనిషి. పొడుగ్గా ఉంటాడు, భుజాలు గట్టివి. ఒకసారి ఒక కంపెనీ ఇవాళో రేపో మూత పడుతుందనుకున్న సమయంలో, కాయ కొట్టే మనిషి రాలేదని గేటు దగ్గరున్న మొగిలిని పిలిచారు. కొట్టాడు. అది ఒక్క దెబ్బకు నాలుగు దిక్కులా పగిలింది. ఆ వారమే వాళ్లకు ఏదో పెద్ద పని దొరికింది. అంతే, వైద్యుడికి ఉంటుందంటారే, ఆ చేతివాసి మొగిలికి ఉందని పేరొచ్చింది. అమావాస్య వస్తే ఈ అంతస్తు వాళ్లూ ఆ అంతస్తు వాళ్లూ మొగిలే కావాలనేవారు.

ఆ చేతివాసిలో సగం నాది. అతని కోసమని ముదురు కాయలు ఏరి పక్కన పెట్టేవాణ్ణి. కాయ బాగా పగిలితే అతనికి పేరు, నాకు బేరం. ఇద్దరికీ లాభమైన సంగతి గనుక ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. అతనికి ఇంకో లాభం కూడా ఉంది. గార్డులనూ ఊడ్చేవాళ్లనూ పెట్టే ఏజెన్సీ ఏడాది తిరక్కుండా మనుషులను మార్చేస్తుంది. మొగిలిని మాత్రం మార్చలేదు. బిల్డింగ్ బాగోగులు చూసే మేనేజర్ రవీందర్, "వాడు మా బిల్డింగ్ తాయత్తు" అనేవాడు.

మొగిలి భార్య రేణుక అక్కడే హౌస్‌కీపింగ్‌లో పనిచేసేది. మధ్య అంతస్తుల్లో బాత్రూములూ వరండాలూ ఆమెవి. దాంతోపాటు మొగిలి కొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఊడ్చేదీ ఆమే. "ఈయన పగలగొట్టుడు, నేను ఎత్తిపోసుడు. సంసారం లెక్కనే ఉన్నది" అనేది. పనికి పోతూ నా బండి దగ్గర ఆగి ఏదో ఒక మాట విసరందే పోయేది కాదు.

"అన్నా, నీ కాయ కూర వండుకుంటే ఏమైతది?"

"కూరైతది."

"దిష్టి తాకదా?"

"ఉప్పెక్కువైతే మీ ఆయన తిట్లు తాకుతయి."

"తిట్టనియ్యి. తిట్టినోడే తెల్లారి వండుకుంటడు."

వాళ్లకు పెళ్లయి చాలా ఏళ్లయింది. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ సంగతి రేణుక నాకెప్పుడూ చెప్పలేదు. మొగిలి తల్లి లచ్చమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు నా బండి నీడన కూర్చుని చెప్పింది. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, బిల్డింగ్ వైపు చూసి, "గింత పెద్ద ఇల్లు కట్టిన్రు, అండ్ల ఒక్క పసిపిల్ల ఏడుపు వినపడదేంది కొడుకా" అంది.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, వచ్చింది. ఆ వారమే బిల్డింగ్‌లో ఒక అంతస్తు కొత్త కంపెనీకి ఇచ్చారు. అమావాస్య సాయంత్రం గేటు ముందు దిష్టి తీయాలని నాకు చెప్పారు. నేను చేవెళ్ల తోట నుంచి తెచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకెళ్లాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గంటు చేసి లోపల కుంకుమ పోసి, పైన కర్పూరం ఉంచి మొగిలి చేతికిచ్చాను. కార్డుల వాళ్లు అరవై డెబ్బై మంది చుట్టూ నిలబడ్డారు. టికెట్ల వాళ్లు కూడా ఆగి సెల్‌ఫోన్లు పైకెత్తారు. చీపురూ చేటా పట్టుకుని రేణుక గోడ పక్కన ఉంది.

మొగిలి కాయను పైకెత్తబోతుంటే కొత్త కంపెనీలో మనుషుల వ్యవహారాలు చూసే నవనీత ముందుకు వచ్చింది. విజయవాడ అమ్మాయి, మర్యాదస్తురాలు.

"ఒక్క నిమిషం ఆగండి. ఏమీ అనుకోకండి, మా అమ్మమ్మ చెప్పేవారు. ఇంట్లో ఇల్లాలు కడుపుతో ఉంటే ఆవిడ భర్త గుమ్మడికాయ కొట్టకూడదటండి. అటు వాళ్లకీ మంచిది కాదు, ఇటు కొట్టించుకున్నవాళ్లకీ మంచిది కాదు. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదు కదండీ?"

మొగిలి మాట్లాడేలోపే రవీందర్ నవ్వాడు. "ఆ ఫికర్ ఏం లేదు మేడం. వాళ్లకు పిల్లలే లేరు. ఆమెనే వాని భార్య, గా చీపురు పట్టుకున్నామె. అడగండి కావాల్నంటే."

అందరూ రేణుక వైపు చూశారు. రేణుక చీపురు వైపు చూసింది.

"అట్లాంటిదేం లేదు మేడం," అన్నాడు మొగిలి.

కర్పూరం వెలిగించారు. మూడుసార్లు తిప్పి కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది. లోపలి కుంకుమ నీళ్లు రోడ్డు మీద నలువైపులా పాకాయి. చప్పట్లు కొట్టారు. మొగిలి ఆనవాయితీ ప్రకారం వెనక్కి చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి వెనక గేటు పక్కనున్న నల్లా దగ్గరికి వెళ్లాడు. నా పళ్లెం తీసుకుని నేనూ వెనకే వెళ్లాను.

కాళ్లు కడుక్కుంటూనే ఉన్నాడు. బురద ఏమీ లేదు, అయినా కడుక్కుంటూనే ఉన్నాడు.

"నీళ్లు అయిపోతయి రా, చాలు."

"అన్నా, రేణుకకు నాలుగో నెల."

నేను పళ్లెం కింద పెట్టాను. "మరి లేదంటివి?"

"ఉన్నదంటే? రవీందర్ సార్ పక్కనే ఉన్నడు. కడుపుతోని ఉన్నదని తెలిస్తే తెల్లారి డ్యూటీ చార్టుల పేరుండదు. పోయినేడు ఎల్లమ్మను గట్లనే తీసేసిన్రు. ఏడో నెలకు ఊరికి తోలిస్త అనుకున్నం. అప్పటిదాక ఇద్దరం చేసుకుంటే కాన్పుకు దవాఖాన ఫికర్ ఉండదని." అతను నల్లా కట్టేశాడు. "తాకుతదా అన్నా?"

"పిచ్చోడా. ఆ కాయ చేవెళ్లల కాసింది, నేనే కోయించి తెచ్చిన. దానికి నీ పెండ్లాం సంగతి ఎట్ల తెలుస్తది?"

"నువ్వు ధైర్యం చెప్తున్నవ్."

"అమ్మేటోడు సరుకు మంచిదంటే నమ్మొద్దు. ఉత్తదంటే నమ్మాలె. నష్టం వచ్చే మాట ఎవడన్నా ఊరికే చెప్తడా?"

ఆ మాటకు కొంచెం నవ్వాడు. నా మాట తిరుగులేనిదనే అనుకున్నాను. కాని మరునాటి నుంచి రోజూ ఒక నిమ్మకాయ కొనుక్కుని పోయేవాడు. ఉత్తదని చెప్పినవాడినే గనుక ఊరికే ఇవ్వబోయాను. ఊరికే తీసుకుంటే పనిచేయదని డబ్బులు పెట్టి పోయేవాడు.

దవాఖానలో డాక్టరమ్మ రేణుకను పరీక్ష చేసి, వెనకటి రెండు సంగతులూ విని, బరువులు మోయవద్దని, మెట్లు ఎక్కవద్దని చెప్పింది. మొగిలే నాకు చెప్పాడు. దానికి వాళ్లు పెద్దగా బెంగపడలేదు. వెనకవైపు లిఫ్ట్ ఉంది. బకెట్లు చక్రాల మీద పోతాయి. అడిగితే తోటి ఆడవాళ్లు బరువైన సంచి ఒకటి అందుకుంటారు, కారణం అడగరు. లెక్క సరిపోయింది.

దసరా సెలవులొచ్చాయి. బడులకు సెలవులంటే అద్దాల బిల్డింగ్‌కు జాతర. టికెట్ల వరుస గేటు దాటి, నా బండి దాటి, మలుపు దాకా వచ్చేది. ఆ రోజుల్లో నేను నిమ్మకాయ మిరపకాయల దండలు చిన్నవిగా గుచ్చి కార్లకు కట్టుకోవడానికని అమ్మాను. మధ్యాహ్నానికే అయిపోయేవి. అలా ఉండగా చూడవచ్చేవాళ్ల లిఫ్ట్ జనాన్ని మోయలేక మొరాయించింది. బాగుచేసేవాళ్లు వచ్చేదాకా పనివాళ్ల లిఫ్ట్‌ను టికెట్ల వాళ్లకు ఇచ్చేశారు. దాని గోడలకు ఉన్న అట్టలు పీకి, అద్దం బిగించి, నేల మీద ఎర్ర పట్టా పరిచారు. పనివాళ్లను జర నాలుగు రోజులు మెట్లు వాడుకోమన్నారు.

ఆయుధ పూజకు ముందు రోజు, సద్దుల బతుకమ్మ నాడు, నేను ఆఫీసులకు కాయలు దింపడానికి వెనక గేటుకు వెళ్లాను. ఒక్కో అంతస్తుకు ఒకటి, గోనెసంచుల్లో. లిఫ్ట్ ముందు టికెట్ల వాళ్లు నిండా ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్లు, మంచి బట్టలు. రవీందర్ వాళ్లను వరుసలో పెడుతున్నాడు. వేలాడే కార్డు వెనక్కి తిరిగి ఉంది, చొక్కా చెమటతో తడిసింది. అతనికీ ఆ రోజు ఊపిరాడడం లేదు.

రేణుక మాప్ బకెట్, రెండు చెత్త సంచులు పట్టుకుని అతని దగ్గర నిలబడింది. తలలో తంగేడు పువ్వొకటి పెట్టుకుని ఉంది.

"సార్, ఒక్కసారి లిఫ్ట్‌ల పోనియ్యండి. పొద్దుగాల్నుంచి మెట్లే ఎక్కుతున్న. పాణం బాగలేదు."

"అందరూ ఎక్కుతున్నరు కదమ్మా. నీకొక్కదానికేమొచ్చింది?"

రేణుక చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. నేను దగ్గరగా ఉన్నాను గనుక వినపడింది. "కడుపుతోని ఉన్న సార్. ఎవరికీ చెప్పలే."

రవీందర్ ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. ఆమె సన్నటి మనిషి, పైన హౌస్‌కీపింగ్ వాళ్లకిచ్చే వదులు కోటు. కనిపించేది ఏమీ లేదు.

"పెత్రమాస నాడు అందరి ముందర నీ మొగడు లేదన్నడు. నువ్వు పక్కనే ఉన్నవ్. పది రోజులల్ల యాడికెళ్లి వచ్చింది కడుపు? లిఫ్ట్ బంద్ కాంగనే వచ్చిందా? బతుకమ్మకు జల్ది పోవాల్నంటే సీదా అడుగు. గీ ముచ్చట్లు చెప్పకు."

రేణుక ఏదో అనబోయింది. అంటే ఏమనాలి? నా మొగడు అబద్ధం ఆడాడని అంటే ఇద్దరి పనీ పోతుంది. అబద్ధం ఆడలేదని అంటే లిఫ్ట్ లేదు. ఆమె ఆ లెక్క నా కళ్ల ముందే వేసుకుంది. బకెట్ ఎత్తుకుని మెట్ల తలుపు భుజంతో తోసి లోపలికి పోయింది.

నేను సంచులు మెట్ల వైపు లాగబోతుంటే రవీందర్ చెయ్యి ఊపాడు.

"నువ్వెందుకు మోస్తవ్ వీరేశం? పూజ సామాను గద, లిఫ్ట్‌ల పెట్టు. అమ్మా, జర జరగండి, గుమ్మడికాయలు పోతయి."

టికెట్ల వాళ్లు భక్తిగా జరిగి చోటిచ్చారు. ఒక పెద్దావిడ కాయను తాకి కళ్లకు అద్దుకుంది కూడా. కాయలు ఎర్ర పట్టా మీద నిలబడి పైకి పోయాయి.

దీపాలు పెట్టే వేళకు మెట్ల మీద రేణుక పడి ఉందని కబురు వచ్చింది. పడిపోలేదు, కూర్చుండిపోయిందట. గోడకు ఆనుకుని, సంచులు జాగ్రత్తగా పక్కన పెట్టుకుని. మొగిలి గేటు వదిలి పరిగెత్తాడు. అతనే ఎత్తుకుని మెట్లన్నీ దిగి తెచ్చాడు, లిఫ్ట్ కోసం అడగలేదు. నా బండి పక్కన ఆగిన ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారిలో మణికొండ అపార్ట్‌మెంట్ల ముందు ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. ఆటో నెమ్మదిగా పోవలసి వచ్చింది. రేణుక ఒక్క మాటే అంది. "నేను చెప్పిన ఆయనకు. చెప్పిన."

బిడ్డ దక్కలేదు. ఆడపిల్లట.

మరునాడు లచ్చమ్మ వచ్చింది. ఏమైందని అడిగితే మొగిలి దాచలేదు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెత్రమాస నాడు కాయ కొట్టానని చెప్పాడు. మెట్ల సంగతి చెప్పలేదు. లచ్చమ్మ దవాఖాన వరండాలోనే నెత్తి కొట్టుకుంది. "కడుపుతోని ఉన్న ఆడదాని మొగడు కొబ్బరికాయనే కొట్టడు. వీడు అమాస నాడు గుమ్మడికాయ కొట్టిండు. నా మనుమరాలిని నా కొడుకే కొట్టిండు." అక్కడున్న ఆయా, పక్క మంచం తాలూకు వాళ్లు, అందరూ అవునన్నారు. ఇంత సులభంగా అందరూ ఒప్పుకున్న లెక్కను నేను నా వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు.

బిల్డింగ్‌లోనూ ఆ మాటే నిలిచింది. నవనీత నా బండి దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను అడిగానండి. మీరూ విన్నారు కదా. ఎందుకు లేదన్నారండీ ఆయన? నేను అడిగాను." కళ్లు తుడుచుకుని, "మా ఆఫీసుకు మళ్లీ దిష్టి తీయించాలేమోనండి, మావాళ్లు కంగారు పడుతున్నారు" అంది.

రవీందర్ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "పాపమే. కాని చూడు, అబద్ధమాడి కొట్టిండు. అది తిరిగి వానికే తాకింది. మనమేం చేస్తం?"

"లిఫ్ట్ సంగతేంది సార్? ఆమె మిమ్మల్ని అడిగింది గద."

"ఏ లిఫ్ట్?" అన్నాడు. అబద్ధం ఆడుతున్నవాడి ముఖం కాదు అది. నిజంగానే ఆ లెక్క అతని దగ్గర లేదు. గుమ్మడికాయ దొరికాక లిఫ్ట్ ఎందుకు గుర్తుంటుంది?

అప్పుడు నాకు నా సరుకు పూర్తిగా అర్థమైంది. బిడ్డ నిలిచి ఉంటే, మొగిలి చేతివాసి చూశారా, అడ్డంకినీ దాటింది అనేవారు. బిడ్డ పోయింది గనుక, చెప్పినా వినలేదు చూశారా అంటున్నారు. ఎటు తిరిగినా గెలుపు దానిదే.

పుప్పాలగూడలో వాళ్లది ఒకే గది. దవాఖాన నుంచి వచ్చాక చూడ్డానికి వెళ్లాను. నేను తెలియని మాట చెప్పడానికి పోలేదు, తెలిసిన మాట చెప్పడానికి పోయాను. మొగిలి గడప మీద ఉన్నాడు. లచ్చమ్మ స్టవ్ ముందు ఉంది. రేణుక గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"మెట్లు ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది," అన్నాను. "మెట్లు ఎక్కిచ్చిన్రు. అడిగితే ఇయ్యలే. నేను నా కండ్లతోని చూసిన. ఇండ్ల గుమ్మడికాయ ఏడున్నది? ఊరికే ఒకల్లనొకలు చంపుకోకుండ్రి. ఏజెన్సీ కాడికి పోదాం, అడుగుదాం. నేను వస్త."

 మొగిలి తల పైకెత్తకుండా అన్నాడు.

"మెట్లని అనకు అన్నా. కాయనే. కాయ అయితే తప్పు నాది. ఏడుస్త, గుండు కొట్టించుకుంట, ఏదన్న చేస్త. మెట్లే అయితే నేనేం చెయ్యాలె? రేపు పొద్దుగాల పోయి గా మెట్లకాడనే నిలబడి సలాం కొట్టాలె గద నేను."

రేణుక ఇటు తిరిగింది. ముఖం ఉబ్బి ఉంది గాని గొంతు మామూలుగానే ఉంది, బండి దగ్గర మాట విసిరినప్పటి గొంతే.

"అన్నా, గుమ్మడికాయతోని ఏం కాదంటవా?"

"ఏం కాదు."

"మరి నువ్వు అమ్మేదేంది?"

 ఆమె నా జవాబు కోసం ఆగలేదు.

"ఉత్తదైతే నీ బండి కాడ నిలబడి చెప్పు. రవీందర్ సార్‌కు చెప్పు, గా మేడంకు చెప్పు. కాయ కాదు, మీ లిఫ్టే అని చెప్పు. ఈడికొచ్చి నా చెవుల చెప్తె ఎవలకు లాభం?"

లచ్చమ్మ నాకు టీ ఇచ్చింది. తాగి లేచాను. దారి పొడుగునా ఆ బేరాన్ని అన్ని వైపుల నుంచీ తూచి చూశాను. బండి దగ్గర నిలబడి ఆ మాట చెబితే బండి పోతుంది. బండి పోయినవాడి మాట ఆ గేటు ముందు ఎవరు వింటారు? ఆ మూలకు నెల తిరక్కుండా ఇంకొకడు కాయలు తెచ్చుకుంటాడు. మెట్లు అలాగే ఉంటాయి. ఎన్నిసార్లు వేసినా లెక్క అక్కడికే వచ్చింది. రేణుకకు మిగిలేది మాత్రం ఏ కూడికలోనూ రాలేదు.

చివరికి ఒక్కణ్ణే ఏజెన్సీ ఆఫీసుకు పోయాను. కౌంటర్ దగ్గరి మనిషి మొగిలికి నేనేమవుతానని అడిగాడు. ఏమీ కానన్నాను. ఏం చేస్తుంటానని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు గాని పక్కనున్నవాడు నవ్వాడు.

రేణుక అత్తతో కాదు, విడిగా తల్లిగారింటికి వెళ్లిపోయింది. పోయేటప్పుడు మొగిలి ముఖం చూడలేదట. లచ్చమ్మ కూడా కొడుకు దగ్గర ఉండలేదు.

దీపావళి అమావాస్య వచ్చింది. బిల్డింగ్‌కు మంచిది కాలేదని ఈసారి ప్రతి ఆఫీసూ రెండేసి కాయలు చెప్పింది. రెండు ట్రాలీ ఆటోల సరుకు తెప్పించాను. ముదురువే తెప్పించాను. మొగిలి చేతిని ఇక ఎవరూ అడగలేదు. వెంకట్ అనే కొత్త గార్డును పిలిచారు. పెళ్లి కానివాడట, విచారించే పని లేదు. అతని చేతిలో మొదటి కాయ రెండో దెబ్బకు గాని పగల్లేదు.

ఊడ్చడానికి మొగిలి వచ్చాడు. గేటు డ్యూటీ తీసేసి హౌస్‌కీపింగ్‌లో వేశారు, అక్కడ ఒక మనిషి తక్కువయ్యారు గనుక. ఆ వదులు కోటే తొడుక్కున్నాడు, భుజాల దగ్గర బిగుతుగా. లిఫ్ట్ బాగైంది. టికెట్ల వరుస మళ్లీ మలుపు దాకా ఉంది. జనం పగిలిన కాయలను చూసి పిల్లల చేతులు పట్టుకుని చుట్టూ తిరిగి పోతున్నారు. దిష్టి తీసిన కాయను తొక్కితే ఆ దిష్టి తొక్కినవాడికి అంటుకుంటుందని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు.

మొగిలి చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టాడు. ఆ ముక్కల మధ్యలోకి నడిచాడు. కుంకుమ నీళ్లలో, గుజ్జులో, పాదాలు మునిగేలా అడుగులు వేస్తూ, మధ్యలో నిలబడి ఊడ్వడం మొదలుపెట్టాడు.

"తొక్కకు రా," అన్నాను. నోరు జారి అన్న మాట కాదు, లోపలి నుంచే వచ్చింది. "చెప్పులేసుకో. అది తొక్కొద్దు."

చీపురు ఆపి నా వైపు చూశాడు. కోపం లేదు.

"ఇంకేం తాకుతదన్నా?"

మళ్లీ ఊడ్వసాగాడు. పాదాల కింద గింజలు చితుకుతున్నాయి. వరుసలోంచి ఒకతను, కొత్త కారు తాళం వేలికి తిప్పుకుంటూ నా బండి దగ్గరికి వచ్చి, నిమ్మకాయల దండ ఎంత అని అడిగాడు.

ధర చెప్పాను.